పేరు పలక బాగుంది, పెట్టుకునే చోటే లేదు

ఒడిశాలోని మా బరంపురంలో పోలీసు యూనిఫాం మీదకి నేమ్‌ప్లేటు చేయించాలంటే పోలీసు లైన్లో ఎవర్ని అడిగినా ఒకే కొట్టు చూపిస్తారు. గిరి రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంటుంది. బోర్డు లేదు. కాలవ పనులకని పీకిన బోర్డు మళ్ళీ పెట్టలేదు. ఊళ్ళో అందరి పేర్లూ చెక్కుతారు, మరి మీ కొట్టు పేరేదండీ అంటే, "మనం తెలీనోళ్ళెవరు హవల్దారు బాబూ" అని నవ్వేశాడు ఓనరు. ఆయనకే లేని పట్టింపు నాకెందుకని నేనూ పేరు రాయడం లేదు. పోలీసు లైన్లో అడిగితే దారి చెప్తారు.

నా సంగతి ఒక ముక్క. ఆర్మ్‌డ్ పోలీసులో హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు కోర్టు దగ్గర ఒక వకీలు గారికి గుమాస్తాని. మా అమ్మాయి జిల్లా పోలీసులో కానిస్టేబులు. అంటే ఒకప్పుడు ఈ పలక పెట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు పెట్టుకుంటున్న పిల్లకి తండ్రిని, "కొట్టినోడి పేరు తెలీదు బాబూ" అంటూ మా ఆఫీసు బెంచీ మీద కూర్చునేవాళ్ళకి అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగు. రేట్లు మాత్రమే కావలసినవాళ్ళు చివరికి వెళ్ళిపోవచ్చు.

ముందు సరుకు. ఎక్కువమంది తీసుకునేది నల్ల అక్రిలిక్ పలక, తెల్ల అక్షరాలు. అక్షరాలకి తెల్ల రంగు పూస్తారని చాలామంది అనుకుంటారు. కాదు. షీటే రెండు పొరలుగా వస్తుంది, పైన నలుపు, కింద తెలుపు. అక్షరం మేరకు పైపొర గీకేస్తే అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. పూసిన రంగు కాదు కాబట్టి చెమటకి పోదు, వానకి పోదు. వెనకటి రోజుల్లో ఇత్తడి అచ్చక్షరాలు వరసగా పేర్చి, వాటి గాడిలో ఒక సూది నడిపితే, రెండో చివర ఉన్న కట్టరు అదే అక్షరాన్ని చిన్నదిగా పలక మీద చెక్కేది. ఆ మెషిన్ ఇప్పటికీ కొట్లో మూలన ఉంది, దాని మీద ఖాతా పుస్తకాలు పెట్టుకున్నారు. ఇప్పుడంతా లేజర్. కుర్రాడు కంప్యూటర్లో పేరు కొడితే టీ తాగే లోపు పలక చేతికొస్తుంది, కాలిన ప్లాస్టిక్ వాసనతో సహా.

పనితనానికి వంక పెట్టలేను. ఒడియా అక్షరాల గుండ్రాలు చాలాచోట్ల పూడుకుపోతాయి, ఇక్కడ శుభ్రంగా విడివిడిగా వచ్చాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మన తెలుగు ఇంటిపేర్లు నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. ఆ కుర్రాడు ఒడియావాడు, తనకి వినపడినట్టు కొట్టేస్తాడు, తర్వాత రెండో పలకకి డబ్బులు మనవే.

అసలు తేడా పలక ముందు కాదు, వెనకాల ఉంటుంది. రెండు మేకుల్లా గుచ్చి వెనక క్లిప్పులు నొక్కేది ఒక రకం. చొక్కాకి రెండు బెజ్జాలు పడతాయి గాని కదలదు. మాగ్నెట్ రకం కుర్రాళ్ళకి ఇష్టం, చొక్కా పాడవదు. పరేడ్‌కీ ఆఫీసు డ్యూటీకీ పరవాలేదు, తోపులాటలో మాత్రం మొదట కింద పడేది అదే. ఇక ఫీల్డు డ్రెస్సు మీదకి బట్ట పట్టీ, ఎంబ్రాయిడరీ అక్షరాలు, వెనక వెల్‌క్రో. ఒక్క పీకుతో బర్రుమని వచ్చేస్తుంది. దాని సుగుణం అదే, దుర్గుణమూ అదే. నేను చూసినంతలో వెల్‌క్రో పట్టీ ఊడేది ఉతికే ముందు, లేకపోతే లాఠీ ఎత్తే ముందు. లైన్లో నిలబడి చూసినవాణ్ణే రాస్తున్నాను, మావాళ్ళు కోప్పడకూడదు. కోపం రావలసినవాళ్ళకి వస్తే రానీండి.

కొత్త పలక అమ్మాయి జేబు మీద పెట్టించి నేను వెనక్కి నడిచాను. కౌంటరు అవతల నుంచి అచ్చు చదివినట్టు చదివాను. గుమ్మం దగ్గర్నుంచి కళ్ళజోడు ఉంటే చదవగలిగాను, తీసేస్తే ఇంటిపేరు వరకే. రోడ్డు దాటి టీ బడ్డీ దగ్గర నిలబడితే, జేబు మీద ఏదో నల్లటి పట్టీ ఉందని తెలిసింది, అంతే. ధర్నాలో తాడు కట్టి జనాన్ని ఆపే దూరం ఇంచుమించు అంతే ఉంటుంది. పైగా అక్కడ మా అమ్మాయిలాగా కదలకుండా ఎవరూ నిలబడరు. ఇది కొట్టువాడి లోపం కాదు. పలక కొలత డిపార్టుమెంటుది, జేబు మీద మూతకి సరిపడా ఉండాలి.

కొలత ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. బందోబస్తుకి వెళ్ళేటప్పుడు చొక్కా మీద బాడీ ప్రొటెక్టర్ వేస్తారు. మెడ కింద నుంచి పొట్ట దాకా గట్టి అట్టలాంటి కోటు, భుజాల మీద ప్లాస్టిక్ రెక్కలు. జేబూ, జేబు మీది పలకా, భుజం మీది బిళ్ళా మొత్తం దాని కిందకి పోతాయి. పైన హెల్మెట్. దాని ముందున్న అద్దం, అదే వైజర్, దించితే మొహం సగం పోతుంది, చేతిలో షీల్డు ఎత్తితే మిగిలిన సగం. రోజూ బీటు తిరిగే కానిస్టేబుల్ని పేట మొత్తం ఎరుగుతుంది, అతనికి పలక లేకపోయినా పరవాలేదు. ఫలానా వాడు ఎవరు అని అడగాల్సి వచ్చే రోజు ఒకటుంటుంది, సరిగ్గా ఆ రోజే పలక లోపలికి పోతుంది.

మా ఒడిశాలో బందోబస్తు లెక్క ప్లాటూన్లలో చెప్తారు, ప్లాటూన్ అంటే 30 మంది. అసెంబ్లీ జరిగే రోజుల్లో భువనేశ్వర్‌లో ధర్నాలు జరిగే లోయర్ పీఎంజీ దగ్గరికి జిల్లాల నుంచి ప్లాటూన్లు పోతాయి. జిల్లా ఫోర్సు, రిజర్వు, బెటాలియన్, హోంగార్డులు అందరూ కలిసి నిలబడతారు. పక్కవాడు గంజాం వాడో కొరాపుట్ వాడో నాకే తెలిసేది కాదు. దెబ్బ తిన్నవాడికి ఎలా తెలుస్తుంది?

మా అమ్మాయికి జరిగింది చెప్తాను, ఏ ఊరో వద్దు. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళని లేపి వ్యాన్ ఎక్కించారు. గొడవలో ఒక ముసలమ్మకి మణికట్టు విరిగింది. ఎవరో ఫోన్లో తీసిన వీడియోలో హెల్మెట్లు పెట్టుకున్న లేడీ కానిస్టేబుళ్ళు కనిపిస్తారు, అందరూ ఒక్కలాగే. కంప్లయింట్‌లో "పొడుగ్గా ఉన్న లేడీ కానిస్టేబుల్" అని రాశారు. మా అమ్మాయి పొడుగు. ఎక్స్‌ప్లనేషన్ ఇమ్మని కాగితం వచ్చింది. ఆ టైముకి అది వ్యాన్ తలుపు దగ్గర నిలబడి ఎక్కినవాళ్ళ పేర్లు రాసుకుంటోంది. చేతిరాత పుణ్యమా అని బయటపడింది గాని, అంతవరకు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు, అంత టెన్షన్. ఆ ముసలమ్మ సంగతి? చెయ్యి ఎవరు విరిచారన్నది ఈ రోజుకీ ఏ కాగితం మీదా లేదు. చేసినవాళ్ళు బాగానే ఉన్నారు. చెయ్యనిది, దెబ్బ తిన్నది, ఈ ఇద్దరే నలిగారు. "పలక పైకి పెట్టండి" అంటే పోలీసుకి వ్యతిరేకంగా మాట్లాడుతున్నానని నా పాత సావాసగాళ్ళు అంటారు. మా ఇంట్లో ఆ నెలంతా చూసి ఉంటే అనరు.

చట్టం లేదా అంటే, సగం ఉంది. పోలీసు కస్టడీలో చావుల మీద నడిచిన డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు 11 సూత్రాలు పెట్టింది. అందులో మొదటిదే ఇది: అరెస్టు చేసేవాళ్ళూ, ఇంటరాగేషన్ చేసేవాళ్ళూ పేరూ హోదా స్పష్టంగా కనిపించేలా పెట్టుకోవాలి. పాటించకపోతే శాఖాపరమైన చర్యతోపాటు కోర్టు ధిక్కారం కూడా. ఆ సూత్రాలు ప్రతి స్టేషన్లో కనపడేచోట పెట్టాలన్నారు, పెట్టారు కూడా, సర్వీసంతా ఆ బోర్డు పక్కనే టోపీ తగిలించాను. తర్వాత 2008 సవరణతో అదే మాట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41బి సెక్షన్‌గా ఎక్కింది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్. అన్నిటిలోనూ మాట ఒక్కటే, "అరెస్టు చేసేటప్పుడు". గుంపుని చెదరగొట్టడానికి ఆ సంహితలోనే వేరే సెక్షన్లున్నాయి, 148 నుంచి 151 దాకా. అక్కడ నేమ్‌ప్లేటు ఊసే లేదు. అరెస్టు చేస్తే పేరు కనపడాలి, అరెస్టు చెయ్యకుండా లాఠీతో బాది వదిలేస్తే అక్కర్లేదు. పైగా 151 ప్రకారం ఆ పనిమీద చేసినదానికి కేసు నడపాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. అనుమతి అడగడానికైనా ముందు మనిషెవరో తెలియాలి కదా. మా వకీలు గారు ఇది చెప్పినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

ఈ ఒడిశా-ఆంధ్రా సరిహద్దు మీద బతికేవాళ్ళకి ఇదంతా పుస్తకాల గొడవ కాదు. కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు పోయారు. 2006 జనవరి 2న కళింగనగర్‌లో 13 మంది ఆదివాసీలు, మా డిపార్టుమెంటు మనిషి ఒకడు. 2010 జూలై 14న సోంపేటలో ఇద్దరు. సోంపేట మాకు ఆంధ్రా అనిపించదు, ఇచ్ఛాపురం దాటితే వచ్చేసే ఊరు, మావాళ్ళు సగంమంది సంబంధాలు కలుపుకున్నది అటే. కాల్పులంటే తుపాకీ నంబరు, తూటా లెక్క ఉంటాయి, ఎంతోకొంత దొరుకుతుంది. లాఠీకి నంబరు ఉండదు.

బయట దేశాల్లో ఈ గొడవ ఎప్పుడో మొదలైంది. జర్మనీలో మ్యూనిక్‌లో 2007లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక పోలీసులు కొట్టారని ఇద్దరు కేసు పెట్టారు. హెల్మెట్ల వెనక దళం నంబరు ఉంది, మనిషి నంబరు లేదు. దళం తెలిసింది, మనిషి దొరకలేదు. 2017 నవంబరు 9న యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. కొట్టారని రుజువు కాలేదు, కాని గుర్తు లేని పోలీసుల్ని దింపి, ఆ తర్వాత దర్యాప్తు కూడా సరిగ్గా చెయ్యకపోవడం తప్పు అని. మా ప్లాటూన్ పరిస్థితి అచ్చంగా ఇదే కదా అనిపించింది చదివినప్పుడు. అమెరికాలో 2020 జూన్‌లో వాషింగ్టన్ వీధుల్లో ఏ శాఖవాళ్ళో తెలియని యూనిఫాంలు కనిపించి పెద్ద గోల అయ్యింది. మరుసటి ఏడు జనవరి 1న ట్రంప్ వీటోని కూడా తోసిరాజని అయిన రక్షణ చట్టంలో ఒక సెక్షన్ పెట్టారు. అల్లర్ల డ్యూటీలో ఉన్న కేంద్ర బలగాలు శాఖ పేరుతోపాటు, మనిషి పేరుగాని అతనికే చెందిన వేరే గుర్తుగాని కనపడేలా పెట్టుకోవాలి.

"పేరుగాని వేరే గుర్తుగాని." నాకు ఆ రెండోది కావాలి. పేరు వద్దు.

పేరు వద్దనడానికి నా కారణాలు నాకున్నాయి. మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ అడవుల్లో మావోయిస్టుల మీద డ్యూటీ చేసినవాళ్ళకి పేరు బయటపడితే ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల మీదకి ఏం వస్తుందోనని భయం ఉండేది, అది ఉత్తి భయం కాదు. ఇప్పుడైతే పేరు చూసి ఫేస్‌బుక్‌లో వెతికి పిల్లల ఫోటోలు తీస్తారు. ఇంకోటి, మన దగ్గర పేరంటే పేరు ఒక్కటే కాదు. ఇంటిపేరు చూడగానే కులం, మతం తెలిసిపోతాయి, నాలాంటివాడైతే తెలుగువాడని కూడా. దెబ్బ పడితే మనిషి కొట్టాడని అనరు, ఫలానా వాళ్ళు కొట్టారంటారు. మహారాష్ట్ర బీడ్ జిల్లా పోలీసులు 2025లో పలకల మీద ఇంటిపేర్లు తీసేసింది ఈ కులం గొడవకే.

అంకెకి కులం లేదు. ఒడియా రాకపోయినా, ఇంగ్లీషు రాకపోయినా, బస్సు నంబరు చూసి ఎక్కే ప్రతివాడూ చదువుతాడు. కానిస్టేబుల్ నంబరుకి ఎదురుగా పేరు డిపార్టుమెంటు రిజిస్టర్లో ఎలాగూ ఉంటుంది. జనానికి అంకె చాలు, పేరు కావలసింది కోర్టుకి. జర్మనీలోనే బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో అలాగే చేశారు, మామూలు డ్యూటీకి పేరు, దళంగా దిగినప్పుడు నంబరు. అక్కడి పోలీసులే కోర్టుకెళ్తే 2019 సెప్టెంబరులో పై కోర్టు ఆ రూలు సరైనదేనంది. ఒక మెలిక ఉంది, అది మా లైన్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. 412 నంబరు గంజాంలోనూ ఉండొచ్చు, రాయగడలోనూ ఉండొచ్చు. కాబట్టి ముందు జిల్లాకో బెటాలియన్‌కో రెండక్షరాలు ఉండాలి.

ఇదంతా కొట్లో కూర్చుని చెప్తుంటే ఓనరు లేచి లోపల్నుంచి పసుపు రేడియం గుడ్డ ముక్క తెచ్చాడు. ట్రాఫిక్ వాళ్ళ జాకెట్లకి వాడేది. దాని మీద నల్లగా, అరచేతి వెడల్పు ఎత్తున, రెండు అక్షరాలు, మూడు అంకెలు ప్రింటు వేయించాడు. వెల్‌క్రో వద్దన్నాను. నాలుగు వైపులా కుట్టు. అలాంటివే రెండు, ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి. వీపుకి ఎందుకంటే, కిందపడినవాడికి కొట్టినవాడి మొహం కనపడదు, కొట్టి ముందుకి పోయినవాడి వీపు కనపడుతుంది. హెల్మెట్ వెనక్కి చిన్న స్టిక్కర్. పాత ప్రొటెక్టర్ తొడుగు ఒకటి కొట్లో ఉంటే దాని మీద పిన్నులతో గుచ్చి, కుర్రాడికి తొడిగి నిలబెట్టాం. మళ్ళీ రోడ్డు దాటాను. టీ బడ్డీ దగ్గర్నుంచి కళ్ళజోడు లేకుండా చదివాను. బడ్డీ ఆవిడ కూడా చదివింది, "ఎందుకు బాబూ, ఏదైనా ఆటలపోటీయా" అని అడిగింది.

"ఆర్డరు వస్తే ప్లాటూన్ మొత్తానికి ఒక్క రోజులో కుట్టిస్తాను. రాదు బాబూ" అన్నాడు ఓనరు.

ప్రొటెక్టర్ సర్కారు సొత్తు, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు సూది దించకూడదు. అమ్మాయి పైవాళ్ళని అడిగింది కూడా. డ్రెస్ రూల్సులో లేదు, నీ ఒక్కదానికే ఎందుకీ సరదా అన్నారట. పోనీ నేను రాసిస్తాను, గట్టిగా అడుగమ్మడూ అన్నాను. అది నాకన్నా తెలివైంది. "నేనొక్కదాన్నే నంబరు వేసుకుని నిలబడితే, అక్కడ ఎవరు కొట్టినా కంప్లయింట్ నా నంబరు మీదే వస్తుంది నాన్నా. కనపడేది అదొక్కటే కదా" అంది. అందుకే ఇది ఇష్టమున్నవాళ్ళు పెట్టుకునే వస్తువుగా ఉంటే పని జరగదు. ప్లాటూన్లో 30 మందికీ ఉండాలి, రోల్ కాల్ అప్పుడే చూడాలి, లేనివాణ్ణి వ్యాన్ ఎక్కనివ్వకూడదు. బూటు పాలిష్ లేకపోతే నన్ను ఎన్నిసార్లు లైన్లోంచి బయటికి పంపారో లెక్కలేదు, దానికి పెట్టిన శ్రద్ధలో సగం చాలు.

ఇక మార్కులు. అక్రిలిక్ పలకకి అయిదుకి నాలుగున్నర. కొట్టుకి నాలుగు, కూర్చోడానికి ఒకటే స్టూలు, అది కూడా ఓనరు తమ్ముడు వదలడు. బందోబస్తు రోజు పలక పనికి ఒకటి, అది మాత్రం కొట్టువాడి ఖాతాలో వేయడం లేదు. పసుపు పట్టీకి అయిదుకి అయిదు, కొనేవాడే లేడు.

రేట్లు: మేకుల క్లిప్పుల పలక 120, మాగ్నెట్‌ది 180, ఎంబ్రాయిడరీ పట్టీ 80. రెండు భాషల్లో కావాలంటే ఇంకో 40. రేడియం పట్టీ జత, కుట్టుతో కలిపి 150 చెప్పాడు, ఎక్కువ తీసుకుంటే తగ్గిస్తాడు. ఫోన్‌పే ఉంది. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, నాలుగు దాటాక వెళ్ళండి. ఆగస్టు 15, జనవరి 26 ముందు వారంలో వెళ్ళకండి, పరేడ్ రద్దీలో అక్షరాలు తప్పు పడతాయి. మేకుల పలక తీసుకుంటే వెనక క్లిప్పులు ఇంకో రెండు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. ఉతికే దగ్గర పోయేవి అవే.